పేరు అదే, క్లిప్పు వేరు

చాలా రోజులుగా రాద్దామా వద్దా అని ఊగిసలాడి చివరికి రాస్తున్నా. విషయం లైవ్ వీడియోలో క్లిప్పులు ఆడించడం గురించి. "ఫైలు మీద డబల్ క్లిక్ కొడితే ఆడుతుంది, దాని గురించి ఇంత రాయడానికేముంది" అంటారేమో. 2024 డిసెంబరు దాకా నేనూ అలాగే అనుకున్నా.

ఆ నెలాఖర్లో మా కాలేజీ పూర్వ విద్యార్థుల కలయిక జరిగింది. (కాలేజీ పేరు, ఊరి పేరు వద్దులెండి.) స్టేజీ, వెనక పెద్ద ఎల్ఈడీ వాల్, ముందు ఆరేడొందల మంది జనం, అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నవాళ్ళ కోసం యూట్యూబ్ లైవ్. మూడు కెమెరాలు, వాటిని మిక్స్ చేయడానికి ఒక కుర్రాడు. ఆ ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో పనిచేస్తాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. కమిటీలో ఉన్న మేమంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. నాకు అప్పగించిన పని "మీడియా కోఆర్డినేషన్". అంటే అందరి దగ్గరా క్లిప్పులు వసూలు చేసి ఆ కుర్రాడికి ఇవ్వడం. అంతే.

మొత్తం 14 క్లిప్పులు. మధ్యాహ్నం పెన్ డ్రైవులో ఇచ్చాను. అతను వాటికి 01, 02 అని నంబర్లేసి, తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఒక్కోటీ మొదట్నుంచి చివరిదాకా ఆడించి చూశాడు. సౌండు తక్కువున్న వాటికి పెంచాడు. పక్కన కూర్చున్న నాకు మహా విసుగొచ్చింది. మొదటి రెండు సెకన్లు చూస్తే చాలదా అనిపించింది.

ఆరో నంబరు క్లిప్పు ఆ ఏడే పోయిన మా ల్యాబ్ సారు గురించి. నాలుగు నిమిషాలు. ఆయన భార్య, కూతురు ముందు వరసలో ఉంటారని తెలుసు.

సాయంత్రం కార్యక్రమం మొదలయ్యాక, నాలుగో క్లిప్పు నడుస్తుండగా, ఎడిట్ చేసిన మిత్రుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. చివరి స్లైడులో సారు పుట్టిన సంవత్సరం తప్పు పడిందట, సరిచేసి వాట్సాప్‌లో పంపాడట. గ్రూపు తెరిస్తే రెండు వీడియోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి డబ్ల్యూఏ0007, ఇంకోటి డబ్ల్యూఏ0008. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ పెట్టే పేర్లు మీకు తెలిసినవే కదా. కుర్రాడు అప్పుడు రెండో కెమెరా కేబులు ఊడిందని స్టేజీ వైపు పరిగెత్తాడు. నేను ఫోన్ని అతని లాప్‌టాప్‌కి తగిలించి, ఒక ఫైలు తీసి, పాత ఆరో నంబరు పేరే దానికీ పెట్టి, పాతదాని మీద అతికించేశాను. "రీప్లేస్ చేయమంటారా" అని విండోస్ అడిగింది. చేయమన్నాను. అతను తిరిగొచ్చాక చెప్పలేదు కూడా. పేరు అదే కదా, అతని వైపు నుంచి మారిందేముంది అనుకున్నా.

నేనెక్కించినది 0007. అది ఆ రాత్రి హాస్టల్లో చూసుకుందామని ఎవడో పెట్టిన మా ఫేర్‌వెల్ స్కిట్. అందులో ఒకడు సారు నడకనీ, ఆయన నత్తినీ అనుకరిస్తాడు.

యాంకరమ్మాయి గొంతు తగ్గించి సారు గురించి నాలుగు మాటలు చెప్పింది. హాల్లో దీపాలు ఆర్పారు. కుర్రాడు ఆరో బటన్ నొక్కాడు. పదహారడుగుల గోడ మీద మావాడు లుంగీ కట్టుకుని సారులాగా నడుస్తూ వచ్చాడు.

ఏడెనిమిది సెకన్లు నడిచింది. అంతలోనే ఆ కుర్రాడు స్టేజీ కెమెరాకి మార్చేశాడు. మధ్యాహ్నం చూసింది ఇది కాదని అతనికి మూడో సెకనుకే తెలిసిపోయి ఉంటుంది. మిగతా నాలుగైదు సెకన్లు నమ్మలేకపోయి ఉంటాడు. పాత క్లిప్పు వేద్దామంటే లేదు, దాని మీదే కదా నేను అతికించింది. అతను తన ఫోల్డర్లో వెతికి, సారు ఫోటో ఒకటుంటే గోడ మీద పెట్టి, ఏదో వీణ పాట తగిలించి ఆ నాలుగు నిమిషాలూ దాటించాడు. ఆ పని నాకు చచ్చినా చేతయ్యేది కాదు.

కార్యక్రమం అయ్యాక కమిటీ వాళ్ళు అతన్ని నానా మాటలన్నారు. ఒప్పుకున్న డబ్బులో మూడు వేలు కోశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నా.

సరే, నా సంగతి అటుంచితే.. ఆ తర్వాత కొన్ని వారాలు ఈ క్లిప్పుల ప్రపంచం గురించి దొరికినదల్లా చదివాను. తెలిసినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. ఇలాంటివి జరిగినప్పుడు నింద ఎప్పుడూ బటన్ మీదున్న వేలి మీదకే పోతుంది. కానీ తప్పు జరిగేది బటన్‌కి చాలా ముందు. టీవీ వాళ్ళు ఈ సంగతి దశాబ్దాల కిందటే గ్రహించి దానికి తగ్గ ఏర్పాట్లు చేసుకున్నారు. సాధనాలు చవకై లాప్‌టాప్‌లోకి దిగొచ్చేటప్పటికి, బటన్లు దిగొచ్చాయి గానీ ఆ ఏర్పాట్లు రాలేదు.

ఒకసారి చరిత్రలోకి వెళ్ళొద్దాం. ఆటలో ఇన్‌స్టంట్ రీప్లే అనేది మొదట కనబడింది 1963 డిసెంబరు 7న, ఫిలడెల్ఫియాలో, ఆర్మీ - నేవీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో. చేసింది సీబీఎస్ డైరెక్టర్ టోనీ వెర్నా. అర టన్ను పైన బరువున్న వీడియోటేపు యంత్రాన్ని అక్కడికి మోయించుకెళ్ళాడు. రికార్డు చేయడం, తిరిగి ఆడించడం అప్పటికే వచ్చు. రానిదల్లా టేపు మీద సరిగ్గా ఆ చోటు ఎక్కడుందో వెంటనే పట్టుకోవడం. దానికి వెర్నా చేసిన ఉపాయం నాకు భలే నచ్చింది. టేపులో ఖాళీగా ఉండే ఒక ఆడియో ట్రాక్ మీద ఆట నడుస్తుండగా బీప్ శబ్దాలు వేసుకున్నాడు. టేపుని వెనక్కి తిప్పి, ఆ బీపుల్ని చెవితో విని చోటు పట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇండెక్స్. అదీ ఎన్నిసార్లో విఫలమై, ఆ రోజు మొత్తం మీద ఒక్క రీప్లే పడింది. ఆర్మీ మళ్ళీ స్కోరు చేయలేదండోయ్ అని వ్యాఖ్యాత ప్రేక్షకులకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సొచ్చింది. అప్పట్లో టీవీలో ఒక సంఘటన రెండోసారి కనబడితే రెండోసారి జరిగిందనే అర్థం!

1967లో ఆంపెక్స్ వాళ్ళు డిస్కు మీద 30 సెకన్లు రికార్డు చేసే హెచ్‌ఎస్-100 తెచ్చారు. ముప్పై సెకన్లే. అయినా టేపు చుట్టే బాధ పోయింది. ఇక 1990లలో బెల్జియంలోని లీయేజ్ నుంచి ఈవీఎస్ అనే కంపెనీ హార్డ్‌డిస్కుల మీద నడిచే రీప్లే సర్వర్లతో వచ్చింది. మనం క్రికెట్‌లో చూసే రీప్లేల వెనక చాలాచోట్ల ఉండేది వాళ్ళ పెట్టెలే. క్రికెట్ అన్నాక ఒక ముక్క చెప్పుకోవాలి. 1992లో డర్బన్ టెస్టులో టీవీ రీప్లే చూసి ఔటిచ్చిన మొదటి బ్యాట్స్‌మన్ మన సచినే. అంటే రీప్లే అప్పటికే వినోదం దాటి తీర్పు దాకా వచ్చేసింది. తప్పు క్లిప్పు చూపిస్తే తప్పు తీర్పే.

ఆ ఈవీఎస్ తరహా సర్వర్ పనిచేసే తీరు చూస్తే మన డేటా స్ట్రక్చర్స్ క్లాసు గుర్తొస్తుంది. కెమెరాలన్నీ ఆగకుండా డిస్కు మీద గుండ్రంగా రికార్డవుతూ ఉంటాయి. నిండితే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. రింగ్ బఫర్ అన్నమాట. ఆపరేటర్ "క్లిప్పు" చేశాడంటే ఏదీ కాపీ అవదు. ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు అని రెండు గుర్తులు పడతాయి. ఆ భాగం మీద, దానికి అటూ ఇటూ కొన్ని సెకన్ల మీద, ఇంకేదీ రాయకుండా తాళం పడుతుంది. ఆ తాళం సంగతి మళ్ళీ చదవండి. క్లిప్పు తీశాక దాన్ని వేరేదానితో నింపడం కుదరదు. వద్దనుకుంటే చెరిపేసి ఇంకోటి తీసుకోవాలి, దాని చోటు దానిది. నేను చేసిన వెధవపనికి ఆ యంత్రంలో బటనే లేదు.

ఇక న్యూస్ వైపు. టేపు యంత్రాల రోజుల్లో ఆడించమనగానే బొమ్మ వచ్చేది కాదు. టేపు సరైన వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పట్టేది. అందుకని డైరెక్టర్ ముందు "స్టాండ్‌బై" అనేవాడు, తర్వాత "రోల్" అనేవాడు, ఆ తర్వాత బొమ్మ తెర మీదకి తీసుకునేవాడు. టేపులు పోయినా ఆ మాటలు పోలేదు. ఎందుకంటే సిద్ధం చేయడం వేరు, ప్రసారం చేయడం వేరు అన్న తేడా యంత్రం వల్ల వచ్చినా, పనికొచ్చింది మాత్రం మనుషులకి.

సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడాని నేను చూసినంతలో చక్కగా పట్టుకున్నది క్యాస్పర్‌సీజీ. స్వీడన్ పబ్లిక్ టీవీ ఎస్‌వీటీ వాళ్ళు తమ కోసం రాసుకుని ఓపెన్ సోర్సుగా వదిలిన ప్లేఅవుట్ సర్వర్ అది. టెక్స్ట్ కమాండ్లతో నడుస్తుంది. "లోడ్‌బీజీ" అంటే క్లిప్పుని వెనక పొరలో తెరిచి సిద్ధంగా పెట్టు, తెర మీద ఉన్నదాన్ని కదిలించకు. "ప్లే" అంటే వెనకున్నదాన్ని ముందుకు తే. ఉత్త "ప్లే" అని కొడితే ఏ ఫైలు అని వెతుక్కోదు, సిద్ధంగా ఉన్నదాన్నే తెస్తుంది. డబల్ బఫరింగ్ చదువుకున్న ఎవరికైనా ఇది కొత్త కాదు. మరి ఇంత అవసరమా అంటే, సెకనుకి 25 ఫ్రేములంటే ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ఫైలు తెరిచి, హెడర్ చదివి, కీ ఫ్రేమ్ వెతికి, డీకోడ్ చేసి చూపాలంటే ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. వెబ్ పేజీలో అయితే తిరిగే చక్రం చూపిస్తాం, ఎవరూ ఏమీ అనరు. ఎల్ఈడీ గోడ మీద ఆ చక్రం ఊహించుకోండి :)

అయితే మన చవక సాఫ్ట్‌వేర్ ఇదంతా చేయదా అంటే, చేస్తుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే జ్ఞాపకశక్తి దగ్గర. ఫుల్ హెచ్‌డీ బొమ్మని విప్పి ఉంచితే, 8 బిట్ 4:2:2 లెక్కన ఒక ఫ్రేము దాదాపు 4 ఎంబీ. ఒక్క సెకనుకే వంద ఎంబీ దాటుతుంది. పద్నాలుగు క్లిప్పులు తెరిచి పెట్టుకుంటే మామూలు లాప్‌టాప్ మూలుగుతుంది. అందుకని తెర మీద లేని ఫైలుని మూసేయమని చెప్పే ఒక టిక్కు ఉంటుంది. ఆ కుర్రాడు ఆ టిక్కు పెట్టుకున్నాడు, తప్పేం కాదు. కానీ దాని అర్థమేంటి? మధ్యాహ్నం అతను చూసి ఓకే చేసినది ఒక బొమ్మని. సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టుకున్నది మాత్రం ఒక పాత్‌ని, ఫలానా ఫోల్డర్లో ఫలానా పేరుని. రాత్రి బటన్ నొక్కినప్పుడు ఆ పేరుతో ఎవరుంటే వాళ్ళని పిలిచింది. తలుపు మీద నేమ్‌ప్లేటు మార్చకుండా ఇంట్లో మనిషిని మార్చేశాను నేను.

క్యూఏ వాళ్ళు పాస్ చేశాక అదే వెర్షన్ నంబరుతో వేరే బిల్డు ప్రొడక్షన్లోకి తోస్తే మన ఆఫీసులో ఏమవుతుంది? ప్రొడక్షన్ సపోర్టు వాడిని తిడతామా? తిట్టం. రూట్ కాజ్ అంటాం, ప్రాసెస్ గ్యాప్ అంటాం, రెండు గంటల మీటింగ్ పెట్టి ఎవరి పేరూ ఎత్తకుండా పది పేజీలు రాస్తాం. అదే మనం డబ్బులిచ్చే వీడియో కుర్రాడి దగ్గరికొచ్చేసరికి "నీకు కళ్ళు లేవా" అంటాం. ఆ రోజు అతన్ని అరిచినవాళ్ళలో కనీసం ముగ్గురు ఆఫీసుల్లో అలాంటి మీటింగులు నడిపేవాళ్ళే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "ప్రసారానికి ముందు ఇంకోసారి చూసుకోవడం ఆపరేటర్ పనే కదా" అని. మా కమిటీ వాళ్ళూ అదే అన్నారు. నిజమే, టీవీ గ్యాలరీల్లో చూసుకుంటారు. కానీ అక్కడ క్లిప్పుల పని ఒకరిది, స్విచ్చింగ్ ఇంకొకరిది, సౌండు మరొకరిది. వీళ్ళందరికీ పిలుపిచ్చే డైరెక్టర్ వేరే. మేం ఒక్కడికి డబ్బులిచ్చి అన్నీ చేయించాం, చివరికి ఊడిన కేబులు పెట్టడానికి కూడా అతన్నే పరిగెత్తించాం. పైగా గ్యాలరీలో చూసుకునేవాడి చేతిలో పోల్చుకోడానికి ఒక కాగితం ఉంటుంది. న్యూస్ స్క్రిప్టులో క్లిప్పు పక్కన నిడివి, ఇన్ క్యూ, ఔట్ క్యూ అని రాస్తారు. అంటే క్లిప్పులో మొదట వినబడే మాటలు, చివర వినబడే మాటలు. ఈ పద్ధతి గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది.. ఇది చెక్‌సమ్ కాక మరేంటి! మనిషి చెవితో సరిచూసుకునే చెక్‌సమ్. నిడివి నాలుగు నిమిషాలని ఉండి ఫైలు ఒకటిన్నర నిమిషమే ఉంటే బటన్ నొక్కక ముందే అనుమానం రావాలి.

న్యూస్‌రూమ్ కంప్యూటర్లకీ ప్లేఅవుట్ యంత్రాలకీ మధ్య మాట్లాడుకోడానికి మాస్ అనే ప్రోటోకాల్ కూడా ఉంది, ఎక్స్‌ఎంఎల్‌లో. అందులో ప్రతి క్లిప్పుకీ పేరుతో సంబంధం లేని ఒక ఐడీ, దాంతోపాటు రివిజన్ నంబరు, ప్రసారానికి సిద్ధమా కాదా అని చెప్పే ఒక ఫీల్డు ఉంటాయి. ఎవరైనా క్లిప్పుని మార్చి కొత్త రివిజన్ ఎక్కిస్తే ఆ కబురు అవతలికి అందే దారి ఉంది. నా సమస్యకి పరిష్కారం ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో కూర్చుని, ఒప్పుకుని, స్పెక్ రాసి పెట్టేశారు.

పెళ్ళి వీడియో కుర్రాడికి మాస్ సర్వర్ కొనిపెట్టమని అనడం లేదు. కావాల్సింది చాలా చిన్నది. క్లిప్పుని ఆపరేటర్ చూసి ఓకే కొట్టినప్పుడు ఫైలు సైజు, మార్పు సమయం, వీలైతే ఒక హ్యాష్ దాచుకోవడం. బటన్ నొక్కే ముందే వెనక నుంచి సరిచూస్తూ, తేడా వస్తే ఆ బటన్ ఎర్రగా మార్చడం. మనలో ఎవరైనా ఒక ఆదివారం మధ్యాహ్నం రాసేయగలిగిన పని. కొత్త ట్రాన్సిషన్లూ స్టిక్కర్లూ ఏడాదికి నాలుగు సార్లు వస్తాయి గానీ ఆ సెటప్పులో ఇలాంటిదొకటి ఎంత వెతికినా కనబడలేదు. దీన్ని ఎవరూ డెమోలో చూపించలేరు కాబట్టి ఎవరూ రాయరని నా అనుమానం.

క్లిప్పులిచ్చే మనవైపు కూడా చిన్నపాటి మర్యాద ఉండాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫోన్లో తీసినవి సెకనుకి ఎన్ని ఫ్రేములో ఒక్క తీరుగా ఉండవు, పొడుగు క్లిప్పులో మాటకీ పెదవికీ దూరం పెరుగుతుంది, కాబట్టి ముందు రోజే ఇచ్చి మార్చుకునే టైమివ్వండి. మామూలు ఎంపీ4 రికార్డింగు మధ్యలో ఆగిపోతే, ఇండెక్సు చివర్లో రాస్తుంది కాబట్టి, ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. కరెంటు పోయే ఊళ్ళో ఇది తెలుసుకుని ఉండటం మంచిది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ స్టూడియోకి వెళ్ళాను. కుర్రాడు ఏదో ఓణీల ఫంక్షన్ ఎడిటింగ్ చేస్తున్నాడు. ఫైలు మార్చింది నేనేనని చెప్పి మూడు వేలు బల్ల మీద పెట్టాను. ఆశ్చర్యపోతాడనుకున్నా.

"తెలుసు సార్. ఆ రాత్రే ఫైలు టైము చూశాను. నేను స్టేజీ దగ్గరున్నప్పుడు మారింది. లాప్‌టాప్ దగ్గర మీరొక్కరే ఉన్నారు" అన్నాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా తమ్ముడూ?"

"చెప్తే ఎవరు నమ్ముతారండి, మీరంతా ఒక బ్యాచ్" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు.

డబ్బులు తీసుకున్నాడు. మా ఓనరుకి కూడా ఒక మాట చెప్పండి సార్, ఆయన ఇంకా నేనే తప్పు నొక్కాననుకుంటున్నాడు అన్నాడు. ఫోన్ చేయించి ఆయనకి చెప్పాను. కమిటీ గ్రూపులో కూడా ఆ రోజే రాశాను. నలుగురు బొటనవేలు బొమ్మ పెట్టారు, ఇద్దరు "వదిలేయ్ రా" అన్నారు. సారు వాళ్ళింటికి మాత్రం వెళ్ళలేకపోయాను.

బయల్దేరుతుంటే కుర్రాడు తన లాప్‌టాప్ చూపించాడు. ఇప్పుడు మధ్యాహ్నం సరిచూసుకున్న ఫోల్డర్ మొత్తానికి రీడ్ ఓన్లీ పెట్టేస్తున్నాడట. ఎవరైనా కొత్త క్లిప్పు తెస్తే పక్కన వేరే ఫోల్డర్లో వేయమంటాడు. పాతది అలాగే ఉంటుంది, కొత్తది తను చూశాకే బటన్ దాని మీదకి మారుస్తాడు. నాలాంటి వాళ్ళు లాప్‌టాప్ ముట్టుకోకుండా కుర్చీ మీద ట్రైపాడ్ బ్యాగు కూడా పెట్టి వెళ్తున్నాడట.